మా పిన్నికి ఇరవైకి మూడు మార్కులు

మా పిన్నికి నేను ఇంగ్లీషులో ఇరవైకి మూడు మార్కులు వేశాను. ఎర్ర పెన్నుతో వేసి, చుట్టూ గుండ్రంగా గీత గీసి, కింద సంతకం కూడా పెట్టాను. ఇవాళ ఆ సంతకం తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. అయితే ఆ మంటంతా నేనొక్కదాన్నే భరించేంత మంచిదాన్ని కాను. భరించాల్సినవాళ్ళు ఇంకొందరున్నారు, వాళ్ళ సంగతి కూడా చెబుతాను.

పిన్ని మా అమ్మకి సొంత చెల్లెలు. పెద్దాసుపత్రి వెనక వైపున్న లాండ్రీలో ఇరవై మూడేళ్ళుగా పనిచేస్తోంది. తొమ్మిది వార్డుల దుప్పట్లు, దిండు గలీబులు, రోగులకి తొడిగే గౌన్లు, ఆపరేషన్ గది పచ్చగుడ్డలు అన్నీ అక్కడికే వస్తాయి. మొదటి గదిలో మురికి గుడ్డలు వేరు చేస్తారు. ఆ వాసన గురించి నేను రాయను, మీరు చదవలేరు. రెండో గదిలో మెషిన్లు వాటిని ఉడకబెట్టి ఉతుకుతాయి. మూడో గది మా పిన్నిది. అక్కడ ఇద్దరు మనుషులు చేతులు చాపినంత పొడవున ఇనప రోలరు ఒకటి ఆవిరితో కాగుతూ తిరుగుతుంటుంది. ఇవతల ఇద్దరు నిలబడి తడి దుప్పటిని చెరో అంచూ పట్టుకుని దాని కిందకి అందించాలి. అవతల ఇద్దరు ఇస్త్రీ అయి వచ్చిన దుప్పటిని మడత పెట్టాలి. అందించేవాళ్ళ వేళ్ళకీ రోలరుకీ మధ్య జానెడు దూరం ఉంటుంది. ఆ జానెడులో అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది, దాన్ని గార్డు అంటారు. వేలు దానికి తగిలితే చాలు, రోలరు ఆగిపోవాలి.

పిన్ని చదివింది ఎనిమిదో క్లాసు. లాండ్రీలో మొదట ఆమెకిచ్చిన పని దుప్పట్ల మీద వార్డు పేర్లు రాయడం. ఉడకబెట్టినా పోని నల్ల సిరాతో, గుడ్డ చీటీల మీద ఇంగ్లీషు అక్షరాలు రాసి అంచున కుట్టేది, ఇప్పటికీ ఆ రాత పని ఆమెదే. ఆ చీటీలు చూసి చూసి ఇంగ్లీషు చదవడం నేర్చుకుంది. బడిలో పాఠాలు చెప్పి నేను నేర్పలేకపోయిన పిల్లలు బోలెడంతమంది ఉన్నారు, ఈవిడ మాత్రం దుప్పట్ల దగ్గర నేర్చేసుకుంది. మా ఇంటికొస్తే మంచినీళ్ళు తాగే ముందు మంచం మీద దుప్పటి నాలుగు మూలలూ లాగి సరిచేస్తుంది. బస్సు డ్రైవరైన మా బాబాయి, "మీ పిన్ని పక్కన కూచుంటే నా చొక్కా కూడా భయపడి ముడత విప్పుకుంటుంది" అంటాడు.

పోయినేడాది ఆ లాండ్రీని ఆసుపత్రివాళ్ళు ఒక కంపెనీకి అప్పగించారు. కంపెనీ ఒక మేనేజర్‌ని పంపింది. మనిషి కడిగిన ముత్యంలా ఉంటాడు, చొక్కా మీద ఒక్క మడత ఉండదు. జన్మలో ఇస్త్రీపెట్టె ముట్టుకున్న చెయ్యి కాదది, అయినా ఆడవాళ్ళందరూ ఆయనకి ఇస్త్రీ బాబు అని పేరు పెట్టారు. ఆయన మాట్లాడేదంతా జాతీయాల్లోనే. ఫ్యాన్లు తిరగట్లేదు సార్ అంటే "వియ్ ఆర్ ఆల్ ఇన్ ద సేమ్ బోట్" అంటాడు. సెలవు అడిగితే "గో ద ఎక్స్‌ట్రా మైల్" అంటాడు, అంటే ఇంకాస్త ఎక్కువ కష్టపడమని. ఏం అడిగినా జవాబు వచ్చినట్టే ఉంటుంది, తీరా గదిలోంచి బయటికొచ్చాక చూసుకుంటే చేతిలో ఏమీ ఉండదు.

తన మాటలు వీళ్ళకి ఎక్కడం లేదని ఆయనకి తోచింది. దాంతో ఇంగ్లీషు జాతీయాలు, వాటి అర్థాలు నేర్పే క్లాసు పెట్టించాడు. చివర్లో పరీక్ష ఉంటుందని, అందులో నెగ్గినవాళ్ళలోంచి ఒకర్ని మూడో గదికి లీడర్‌ని చేస్తామని బోర్డు మీద కాగితం అంటించాడు. నేను బడిలో ఇంగ్లీషు టీచర్ని. మా అక్క కూతురుందని పిన్నే చెప్పి నన్ను ఆ క్లాసుకి పెట్టించింది. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ, మడతబల్లల చుట్టూ పన్నెండు మంది ఆడవాళ్ళు నిలబడి వినేవారు. ఆరు వారాలు చెప్పాను. బాగా చెప్పానని అనుకున్నాను కూడా.

పరీక్షలో పిన్ని రాసిన జవాబులు ఇలా ఉన్నాయి. సేమ్ బోట్ అంటే అందరూ ఒకే కష్టంలో ఉండటమని నేను చెప్పాను. పిన్ని, "మా గదిలో ఫ్యాన్లు తిరగవు, ఆయన గదిలో ఏసీ ఆగదు" అని రాసింది. "ఐ విల్ కీప్ యు ఇన్ ద లూప్" అంటే విషయాలు ఎప్పటికప్పుడు చెబుతుంటానని. పిన్ని, "ఇంక ఆ సంగతి ఎత్తరు" అని రాసింది. "మై డోర్ ఈజ్ ఆల్వేస్ ఓపెన్" అనేదానికి, "తలుపు తీసే ఉంటుంది, లోపల మనిషి ఉండడు" అని. పదిహేడు జవాబులూ ఇదే వరస.

నేను ఏం చేశానో చెబుతాను. ఆ కాగితం బడికి పట్టుకెళ్ళి తోటి టీచర్లకి చదివి వినిపించాను. అందరం పడీపడీ నవ్వాం. నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఇరవైకి మూడు వేశాను. సొంత పిన్ని కదా అని మొహమాటపడలేదని నా నిజాయితీకి నేనే మురిసిపోయాను.

ఆదివారం పిన్ని ఇంటికి వెళ్ళాను. ఆమె కోపంగా లేదు. కాగితం ముందు పెట్టుకుని, ఏదో లెక్క తేలని మనిషిలా చూస్తోంది.

"ఈ మూడు ఎందుకు వేశావో చెప్పవే" అంది.

"అవి మూడే కరెక్టు పిన్నీ. మిగతావి నువ్వు తప్పు రాశావు."

"ఎప్పుడో అరుదుగా అనే బ్లూ మూను, చాలా తేలిక అనే కేకు ముక్క, ఇంకోటి ఒంట్లో బాగాలేకపోవడం. ఈ మూడేనా?"

"అవును. ఆ మూడూ నేను చెప్పినట్టే రాశావు."

"ఆ మూడూ మా దగ్గర ఎవరూ అనగా వినలేదు. అందుకని నువ్వు చెప్పింది నమ్మి రాశాను. మిగిలినవి విన్నాను. విన్నాక ఏం జరిగిందో చూశాను కూడా. చూసింది వదిలేసి నువ్వు చెప్పింది రాయమంటావా?"

ఇంట్లోకి వెళ్ళి పాత దిండు గలీబు ఒకటి తెచ్చి నా ఒళ్ళో కుమ్మరించింది. గుడ్డ చీటీలు. ఎనభై, తొంభై ఉంటాయి. చిరిగిన దుప్పట్లలో మిగిలిన ముక్కలు కత్తిరించి, అదే పోని సిరాతో, వార్డు పేర్లు రాసిన గుండ్రటి చేతిరాతతో రాసింది. ఒక వైపు ఆయన అన్న మాట, తేదీ, ఏ షిఫ్టో. రెండో వైపు ఆ తర్వాత జరిగింది. అదీ ఆమె దృష్టిలో అర్థమంటే. మాట అన్న రోజు రెండో వైపు ఖాళీగా ఉంచుతుందట. ఏదో ఒకటి జరిగాకే రాస్తుందట.

"ఇవి అర్థాలు కాదు పిన్నీ, అనుభవాలు" అన్నాను, పెద్ద తెలిసినదానిలా. "పుస్తకంలో అర్థం వేరే ఉంటుంది."

"పుస్తకం రాసినాయన మా లాండ్రీకి వచ్చాడా?" అంది పిన్ని, చీటీలు మళ్ళీ గలీబులోకి సర్దుకుంటూ.

ఇది జరిగిన పదో రోజున ప్రమాదం జరిగింది. రోలరు దగ్గర పిన్నికి జోడీగా నిలబడే అమ్మాయి ఒకతె ఉంది, మనిషి ఎత్తు కాబట్టి అందరూ పొడుగూ అని పిలుస్తారు. ఆరోజు పొద్దున దుప్పటి అంచు పొడుగు వేళ్ళకి మెలిపడి రోలరు దాన్ని లాక్కుంది. దుప్పటితోపాటు చెయ్యీ వెళ్ళింది. అడ్డం ఉండాల్సిన గార్డు అడ్డం లేదు, చించిన దుప్పటి పీలికతో వెనక్కి కట్టేసి ఉంది. పిన్ని పరుగెత్తి ఎర్ర బటన్ గుద్దేసరికి రెండు వేళ్ళూ అరచేయీ కాలిపోయాయి. పొడుగుని పట్టుకుని వార్డుకి తీసుకెళ్ళి, చీర మార్చుకోవడానికి పిన్ని తిరిగి వచ్చేసరికి మెషిన్ తుడిచేసి ఉంది. గార్డు తన చోట తాను బుద్ధిగా ఉంది. పీలిక లేదు.

మూడో రోజు పొద్దున మేనేజర్ నాకు ఫోన్ చేశాడు. "మేడమ్, చిన్న సాయం. యాక్సిడెంట్ రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. మీరొచ్చి లేడీస్‌కి అర్థం చెప్పి, చెప్పానని ఒక సంతకం పెడితే, తర్వాత వాళ్ళు సాక్షులుగా సంతకాలు పెడతారు. ఫార్మాలిటీ అంతే." నేను మంచి చీర కట్టుకుని మరీ వెళ్ళాను. నా చదువు ఒకళ్ళకి అక్కరకొచ్చిందని సంబరం.

మడతల గదిలో పన్నెండు మందికి పొడుగు లోటుగా పదకొండు మంది ఉన్నారు. మెషిన్లు చూసే మెకానిక్ గోడకి ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. ఆసుపత్రి తరఫున సంతకం పెట్టడానికి పెద్ద నర్సమ్మ వచ్చి స్టూలు మీద కూచుంది. నేను చదవడం మొదలుపెట్టాను. తేదీ, వేళ, మెషిన్ నంబరు అన్నీ సజావుగా నడిచాయి. నాలుగో పేరా దగ్గర ఆగాను. పని తొందరగా తెమలాలని ఆపరేటరే గార్డుని కట్టేసుకుందని, షీ కట్ కార్నర్స్ అని, కాబట్టి కంపెనీకి సంబంధం లేదని రాసి ఉంది. ఆ కాగితం నిలబడితే పొడుగు ఉద్యోగం ఊడుతుంది. కంపెనీ మనిషిగా ఆమెకి ఇప్పుడు జరుగుతున్న వైద్యం కట్టు విప్పకముందే ఆగిపోతుంది. కుట్టుపోయిన చొక్కాలా మనిషిని పక్కన పడేస్తారు.

"కట్ కార్నర్స్ అంటే మొన్న క్లాసులో చెప్పారుగా మేడమ్, అదే చెప్పండి" అన్నాడు మేనేజర్, చాలా మర్యాదగా.

అవును, చెప్పాను. పాటించాల్సిన జాగ్రత్త ఎగ్గొట్టి పని అయిందనిపించడం. పదకొండు మందీ తలలూపారు కూడా, పాఠం గుర్తుంది కాబట్టి. నా పాఠమే ఆ పిల్ల మెడకి ఉచ్చులా బిగుస్తుంటే నేను కాగితం పట్టుకుని నీళ్ళు నములుతూ నిలబడ్డాను. ఉద్యోగం పోయేది నాది కాదు, చెయ్యి కాలింది నాది కాదు, అయినా నాకు నోరు పెగల్లేదు. ఇంతకన్నా సిగ్గుచేటు నా బతుకులో ఇంకోటి లేదు.

"ఎగ్గొట్టింది ఎవరంటావే?" అని పిన్ని అడిగింది. నన్నే అడిగింది, మేనేజర్ని కాదు.

"ఇందులో... పొడుగు అని రాసుంది పిన్నీ."

"రాసుందని తెలుసు. అర్థం చెప్పడానికి వచ్చావు కదా. అర్థం చెప్పు."

నేను నాలుగో పేరానే మళ్ళీ మొదటినుంచి చూడసాగాను. పిన్ని నడుముకి దోపుకున్న గలీబు తీసి, అందులోంచి ఒక చీటీ వెతికి బల్ల మీద పెట్టింది. "నీకు చెప్పడం రాకపోతే ఇది చదువు. పైకి చదువు, అందరికీ వినబడాలి."

చదివాను. ఒక వైపు, "థింక్ అవుట్‌సైడ్ ద బాక్స్. మేనేజర్ గారు. జులై పద్నాలుగు, పొద్దుటి షిఫ్టు" అని ఉంది. అంటే మామూలు పద్ధతి వదిలి కొత్త దారి ఆలోచించమని. రెండో వైపు ఇలా ఉంది: "గార్డు పాడై ఊరికే మెషిన్ ఆగిపోతోందని నేను, పొడుగు వెళ్ళి చెప్పాం. కొత్తది తెప్పించమన్నాం. పై మాట అన్నారు. మధ్యాహ్నం మెకానిక్ వచ్చి దుప్పటి చించి గార్డుని వెనక్కి కట్టాడు. ఆ దుప్పట్లో మిగిలిన ముక్క ఇదే. వద్దని పొడుగు అంది. రోజుకి మూడొందల దుప్పట్లు ఎక్కువ అవుతున్నాయి."

ప్రమాదానికి రెండు నెలల ముందు తేదీ అది.

మేనేజర్ నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "గుడ్డ ముక్కలు పట్టుకొచ్చి సాక్ష్యం అంటే ఎలాగమ్మా? ఇవాళ రాసి పాత తేదీ వేసుకోవచ్చు కదా."

పెద్ద నర్సమ్మ స్టూలు మీంచి లేచింది. "ఏ దుప్పటి అంటురోగం వార్డుదో, ఏది పసిపిల్లల వార్డుదో, ఈవిడ రాసిన గుడ్డ ముక్క చూసే ఇరవై ఏళ్ళుగా పరుస్తున్నాం. ఒక్కసారి తప్పు రాసుంటే ఎంతమంది ప్రాణాల మీదకి వచ్చేదో మీకు తెలీదు. ఈవిడ చేతిరాతని నేను నమ్ముతాను. మీ కాగితాన్నే ఇంకోసారి చూడాలి" అంది. తర్వాత మెకానిక్ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. ఎవరు కట్టారు?"

మెకానిక్ గోడని వదిలి నిటారుగా నిలబడ్డాడు. "నేనే కట్టానండి. కట్టమంటేనే కట్టాను. పీలిక కూడా నేనే విప్పాను. విప్పమంటేనే విప్పాను."

నాకు అప్పటికి నోరు రాలేదు గాని చెయ్యి వచ్చింది. రిపోర్టు కింద "అర్థం వివరించితిని" అని నా సంతకం కోసం వదిలిన ఖాళీలో, పిన్ని చీటీలో ఉన్నదంతా పొల్లు పోకుండా తెలుగులో ఎక్కించి, దాని కింద సంతకం పెట్టాను. పదకొండు మంది దాని కింద సంతకాలు చేశారు. పెద్ద నర్సమ్మ ఆ కాగితాన్ని మేనేజర్ చేతికి ఇవ్వకుండా తనే మడిచి పట్టుకెళ్ళింది. మర్నాటి నుంచి నా క్లాసు రద్దయింది. అదేం పెద్ద త్యాగం కాదు, ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు.

పొడుగు ఉద్యోగం పోలేదు, వైద్యం ఆగలేదు. రెండు వేళ్ళు పూర్తిగా వంగవు. ఇప్పుడు గలీబులు లెక్కపెట్టే చోట కూచుంటోంది. ఇస్త్రీ బాబుని ఇంతకన్నా పెద్ద ఆసుపత్రికి పంపారు, శిక్షగా కాదు, ప్రమోషన్ మీద. మూడో గదికి లీడర్‌ని మాత్రం బయటినుంచి తెచ్చారు. మా పిన్నిని ఎందుకు చెయ్యలేదని పెద్ద నర్సమ్మ అడిగితే, పరీక్ష కాగితం తీసి చూపించారట, ఇంగ్లీషులో ఇరవైకి మూడు, టీచర్ సంతకంతో సహా. ఆ మాట విన్నరోజు నేను పరుగున వెళ్ళి మార్కులు మారుస్తానని కంపెనీవాళ్ళ కాళ్ళా వేళ్ళా పడ్డాను. ఒకసారి వేసిన మార్కులు మార్చడం కుదరదన్నారు. పిన్ని విని, "పోనీలేవే, అది నీ సంతకం. నీ దగ్గర ఉండనీ" అంది. తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

విచారణ ముగిసిందని కంపెనీ బోర్డు మీద ఒక ఉత్తరం అంటించింది. తప్పెవరిదో అందులో లేదు. చివర్లో "లెసన్స్ హావ్ బీన్ లెర్న్డ్" అని ఉంది. పాఠాలు నేర్చుకున్నాం అని దానర్థం. టీచర్ని కదా, ఈసారి పిన్ని అడక్కుండానే చెప్పబోయాను.

"ఆగు" అంది. "ఇంకా ఏం జరగలేదుగా."

నాలుగు వారాలు గడిచాయి. కొత్త గార్డు దొరకడం లేదని, ఆర్డరు పెట్టామని, ఎక్కడో ఆగిపోయిందని చెబుతూ వచ్చారు. పాత గార్డు అలాగే ఊరికే మెషిన్ ఆపేస్తోంది, దుప్పట్లు గుట్టలు పడుతున్నాయి. ఒక సోమవారం పొద్దున పిన్ని షిఫ్టుకి వెళ్ళేసరికి గార్డుని మళ్ళీ వెనక్కి కట్టి ఉంది. కొత్త దుప్పటి పీలిక, కొత్త ముడి.

పిన్ని కత్తెర తీసుకుని పీలిక కోసింది. రోలరు ఆపేసి, ఎర్ర బటన్ పక్కన స్టూలు వేసుకుని కూచుంది. కొత్త లీడర్ వచ్చి అరిచాడు. గలీబుల దగ్గర్నుంచి పొడుగు లేచి వచ్చి, వంగని వేళ్ళున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని పిన్ని పక్కన కూచుంది. మిగిలినవాళ్ళు మడతబల్లల మీద కూచున్నారు. ఒంటిగంటకి ఆపరేషన్ గదిలో పచ్చగుడ్డలు అయిపోవచ్చాయని పెద్ద నర్సమ్మ కంపెనీకి ఫోన్ చేసింది. నాలుగు వారాలుగా ఎక్కడా దొరకని గార్డు సాయంత్రం నాలుగింటికల్లా అట్టపెట్టెలో వచ్చింది. ఆ పెట్టె మీద తేదీ పోయిన సంవత్సరానిది. ఇన్నాళ్ళూ అది వాళ్ళ స్టోరు గదిలోనే ఉంది.

ఆ వారం పిన్ని మా ఇంటికొచ్చింది. మంచినీళ్ళు అడగలేదు, దుప్పటి సర్దలేదు. సంచీలోంచి ఆ పీలిక తీసి నా చేతిలో పెట్టింది. ముడి పడిన చోట ఇంకా నలిగే ఉంది. ఒక వైపు పోని సిరాతో "లెసన్స్ హావ్ బీన్ లెర్న్డ్" అని, కింద సోమవారం తేదీ.

తిప్పి చూశాను. రెండో వైపు ఏమీ రాయలేదు. రాయాల్సిందంతా ఆ ముడి నలిగిన చోటే ఉంది.